స్వలింగ జంటలు, పెళ్లి హక్కు: కర్నూలు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు, ఆదోని, నంద్యాల వైపు నుంచి జంటలు, వాళ్ల అమ్మానాన్నలు, స్నేహితులు అడిగే ప్రశ్నలు ఇక్కడ ఒకచోట చేర్చాం. స్వలింగ జంటలకు పెళ్లి హక్కు ఉండాలన్నది మా అభిప్రాయం, దాన్ని దాచడం లేదు. కానీ ఈరోజు చట్టం ఎంతవరకు ఉందో అంతే చెబుతాం. లేని హక్కు ఉందనుకుని అడుగు వేస్తే రేపు దెబ్బ తగిలేది ఆ జంటకే.

ఇద్దరు ఆడవాళ్లు గానీ, ఇద్దరు మగవాళ్లు గానీ చట్టప్రకారం పెళ్లి చేసుకోవచ్చా?

చేసుకోలేరు. 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ సంగతి తేల్చింది. ఆ కేసులో మొదటి పిటిషన్ వేసింది హైదరాబాద్‌లో ఉండే జంట, సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్. అందుకే దాన్ని సుప్రియో కేసు అంటారు. పెళ్లి చేసుకోవడం రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదని, ప్రత్యేక వివాహ చట్టాన్ని స్వలింగ జంటలకు వర్తించేలా కోర్టు తిరగరాయలేదని ఐదుగురూ ఒకే మాట చెప్పారు.

వాళ్లు విడిపోయింది ఆ తర్వాతి విషయంలో. పెళ్లి అనకపోయినా, ఇలాంటి జంటల బంధాన్ని ప్రభుత్వం గుర్తించి కొన్ని హక్కులు ఇవ్వాల్సిందేనని అప్పటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్, జస్టిస్ కౌల్ రాశారు. జస్టిస్ రవీంద్ర భట్, జస్టిస్ హిమా కోహ్లీ, జస్టిస్ నరసింహ ఒప్పుకోలేదు. కలిసి బతికే స్వేచ్ఛ ఉంది, దానికి చట్టపరమైన హోదా కావాలంటే చట్టసభే ఇవ్వాలి అన్నారు. ముగ్గురిది పైచేయి కాబట్టి అదే తీర్పు. పునఃసమీక్ష పిటిషన్లను 2025 జనవరి 9న కొట్టేశారు.

377 సెక్షన్ పోయింది కదా, ఇంకేం అడ్డం?

రెండూ వేరు. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు చెప్పింది, ఇద్దరు పెద్దవాళ్లు ఇష్టపడి ఏకాంతంలో కలిసి ఉంటే అది నేరం కాదని. అంటే పోలీసులు పట్టుకుపోయే భయం పోయింది. నేరం కాకపోవడం వేరు, రిజిస్ట్రార్ ఆఫీసులో గుర్తింపు దొరకడం వేరు. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 377 లాంటి సెక్షనే లేదు.

ఒక హెచ్చరిక. ఇద్దరిలో ఒక్కరికి 18 నిండకపోయినా పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసు అవుతుంది. ఇష్టపడే ఉన్నాం అన్న మాట అక్కడ పనికిరాదు.

గుళ్లో తాళి కట్టుకున్నాం. ఫోటోలున్నాయి, రసీదు కూడా ఉంది. చెల్లదా?

మీ మనసుకు అది పెళ్లే, దాన్ని కాదనే హక్కు ఎవరికీ లేదు. చట్టం ముందు మాత్రం చెల్లదు. హిందూ వివాహ చట్టం వరుడు, వధువు అని రాసుకుంది. రిజిస్ట్రేషన్ దరఖాస్తులోనూ అవే రెండు గడులు. ఎవరో తెలిసినవాళ్లు చెప్పారని ఒకరి లింగం మార్చి రాసి దరఖాస్తు పెట్టొద్దు. తప్పుడు ప్రకటన ఇచ్చారని మీ మీదే కేసు వస్తుంది, చేతికొచ్చిన సర్టిఫికెట్టూ నిలవదు.

ప్రత్యేక వివాహ చట్టంలో ఒకట్రెండు మాటలు మారిస్తే సరిపోయేది కదా?

పిటిషనర్లు అడిగింది అదే. ఆ 1954 నాటి చట్టానికి కులం, మతంతో పని లేదు. ఇద్దరిలో ఒకరు కనీసం 30 రోజులు ఆ జిల్లాలో ఉండాలి, వివాహ అధికారికి నోటీసు ఇవ్వాలి, ఆ నోటీసు ఆఫీసులో అంటిస్తారు, 30 రోజుల్లో చెల్లే అభ్యంతరం రాకపోతే ముగ్గురు సాక్షుల ముందు సంతకాలు. అంతే. కానీ 4వ సెక్షన్ దగ్గర ఆగిపోతాం: మగవాడికి 21, ఆడమనిషికి 18 నిండాలి అని ఉంటుంది. 12వ సెక్షన్‌లో పలకాల్సిన మాటలోనూ భార్య, భర్త అనే ఉంది. విడాకుల సెక్షన్‌లో కొన్ని కారణాలు భార్యకు మాత్రమే ఇచ్చారు. వారసత్వానికి వచ్చేసరికి ఈ చట్టం వేరే చట్టాలకు ముడిపడుతుంది.

ఒక్క పోగు లాగితే నేత మొత్తం ఊడివస్తుందని కేంద్రం వాదించింది. 160 నిబంధనలు తాకుతాయని సొలిసిటర్ జనరల్ తుషార్ మెహతా కోర్టులో అన్నారు. ఆ ఇబ్బంది నిజమైనదే. అయితే అది పార్లమెంటు కూర్చుని చేయాల్సిన పని ఎంతుందో చెబుతుంది. ఆ పని చేయకూడదని చెప్పదు.

ట్రాన్స్‌జెండర్ వాళ్ల పెళ్లి కూడా చెల్లదా?

చెల్లుతుంది, ఇది చాలామందికి తెలియదు. ట్రాన్స్ మహిళ (మగపిల్లాడిగా పుట్టి స్త్రీగా బతికేవారు) ఒక పురుషుణ్ని, ట్రాన్స్ పురుషుడు (ఆడపిల్లగా పుట్టి పురుషుడిగా బతికేవారు) ఒక స్త్రీని ఇప్పుడున్న చట్టాల కిందే పెళ్లాడవచ్చని సుప్రియో తీర్పులో ఐదుగురూ ఒప్పుకున్నారు. అంతకుముందే, 2019 ఏప్రిల్ 22న, హిందూ వివాహ చట్టంలో వధువు అనే మాట ట్రాన్స్ మహిళకూ వర్తిస్తుందని మద్రాసు హైకోర్టు చెప్పింది. 2025 జూన్‌లో మన హైకోర్టు ఇంకో మెట్టు ఎక్కింది: పురుషుణ్ని పెళ్లాడిన ట్రాన్స్ మహిళ అత్తింటి వేధింపుల మీద పాత శిక్షాస్మృతి 498ఎ సెక్షన్ (ఇప్పుడు న్యాయ సంహిత 85వ సెక్షన్) కింద ఫిర్యాదు చేయవచ్చు, పిల్లలు పుట్టరన్న కారణంతో ఆమె స్త్రీ కాదనడానికి వీల్లేదు.

రిజిస్ట్రేషన్‌కు వెళ్లేముందు ఆధార్, పదో తరగతి మార్కుల మెమో, ట్రాన్స్‌జెండర్ గుర్తింపు పత్రం, మూడింటిలో పేరు, లింగం ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోండి. ఫైలు వెనక్కి రావడానికి ఈ తేడా చాలు. తిరస్కరిస్తే కారణం కాగితం మీద రాసివ్వమని అడగండి. నోటిమాట మీద అప్పీలుకు పోలేరు.

ఇదంతా పెద్ద పట్నాల వాళ్ల గోల. మన సీమలో యాడుంది ఇట్లాంటిది?

కోర్టులో కేంద్రం కూడా ఇది పట్టణాల్లోని పైవర్గాల ఆలోచన అని రాసింది. 2024 డిసెంబర్‌లో మన హైకోర్టుకు వచ్చిన కేసు చూడండి. ఇద్దరు యువతులు విజయవాడలో కలిసి ఉంటున్నారు. ఒకామెను తండ్రి నర్సీపట్నంలోని తన ఇంటికి తీసుకుపోయి ఉంచితే, రెండో ఆమె హెబియస్ కార్పస్ (బంధించిన మనిషిని కోర్టు ముందుకు తేవాలనే పిటిషన్) వేసింది. ఇద్దరూ మేజర్లు, ఇష్టమైనవాళ్లతో బతకొచ్చు, తల్లిదండ్రులు అడ్డుపడకూడదు అని కోర్టు చెప్పింది. నర్సీపట్నం ఏమంత పట్నం? సీమలో కనబడరంటే లేరని కాదు. పెళ్లి కాని ఇద్దరు ఆడపిల్లలు ఒకే గదిలో అద్దెకుంటే హాస్టల్ స్నేహితులనుకుంటారు. వాళ్లలో చాలామంది పని దొరకగానే బెంగళూరు బస్సెక్కుతారు.

2023లో కేంద్రం రాష్ట్రాల అభిప్రాయం అడిగినప్పుడు మన రాష్ట్రం, రాజస్థాన్, అస్సాం వ్యతిరేకమని రాశాయని కూడా ఇక్కడే చెప్పాలి.

మా మతం ఒప్పుకోదు. బలవంతంగా మా గుళ్లో, మసీదులో, చర్చిలో చేయమంటారా?

అనరు. వాదనలు మొదలైన రోజే, 2023 ఏప్రిల్ 18న, మతాల వ్యక్తిగత చట్టాల జోలికి పోకుండా ప్రత్యేక వివాహ చట్టం వరకే చూస్తామని ధర్మాసనం చెప్పింది. అడిగింది రిజిస్ట్రార్ ముందు సంతకం. ఏ పూజారినీ, ఏ ఖాజీనీ, ఏ పాస్టరునూ పిలవమని ఎవరూ అడగలేదు. మీ విశ్వాసం మీ ఇంటికీ మీ గుడికీ చెల్లుతుంది. పక్కింటివాళ్ల ఆసుపత్రి ఫారం మీద దాని పెత్తనం ఎందుకు?

స్వలింగ ఆకర్షణ ఉన్నవాళ్లలోనే పెళ్లి ముందు కాదు, ఇంట్లో దెబ్బలు, ఉద్యోగం, ఉండటానికి గది ముందు అనేవాళ్లు ఉన్నారు. ఆ మాటలో బరువుంది. అందుకే కింద పెళ్లి లేకుండా చేసుకోగల పనులే ఎక్కువ రాశాం.

ఇల్లు వదిలి కలిసి ఉండాలనుకుంటున్నాం. ఇంటోళ్లు పోలీసు కేసు పెడితే?

పెడతారనే అనుకుని సిద్ధపడండి. సాధారణంగా జరిగేది ఇది: తప్పిపోయింది అని ఫిర్యాదు ఇస్తారు, స్టేషన్ వాళ్లు ఫోన్ ఎక్కడుందో పట్టుకుంటారు, పిలిపిస్తారు, అమ్మానాన్న ఏడుస్తారు, ఎస్సై ఇంటికి పొమ్మని సర్ది చెబుతాడు. చట్టం అక్కడ మీ పక్కనే ఉంది, కానీ ఆ గదిలో దాన్ని గుర్తుచేయాల్సింది మీరే.

వెళ్లేముందు వయసు చూపే పదో తరగతి మెమో, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ అసలు కాగితాలే దగ్గర పెట్టుకోండి. ఇంటి బంగారం, మీ అమ్మ మీకోసమే చేయించిన కమ్మలైనా సరే, వదిలేయండి. అది తీసుకుపోతే తప్పిపోయిన కేసు దొంగతనం కేసు అవుతుంది, రెండో మనిషిని అందులో ఇరికిస్తారు. నేను మేజర్‌ని, నా ఇష్టంతో వెళ్తున్నాను, నన్ను ఎవరూ తీసుకుపోలేదు అని తేదీ వేసి, సంతకం చేసి జిల్లా ఎస్పీకి, మీ స్టేషన్‌కు స్పీడ్ పోస్టులో పంపండి. రసీదు ఫోటో తీసి నమ్మకస్తుడైన మూడో మనిషికి పంపండి, ఎందుకంటే ముందు లాక్కునేది ఫోనే.

స్టేషన్‌కు పిలిస్తే ఒంటరిగా పోవద్దు. మేజిస్ట్రేట్ ముందు వాంగ్మూలం ఇస్తానని అడగండి. ఒకరిని ఇంట్లో బంధిస్తే రెండోవాళ్లు అమరావతిలోని హైకోర్టులో హెబియస్ కార్పస్ వేయవచ్చు. ఇలాంటి కేసుల కోసమే 2024 మార్చి 11న సుప్రీంకోర్టు కొన్ని నియమాలు పెట్టింది: బంధించిన మనిషితో జడ్జి తన చాంబర్‌లో ఒంటరిగా మాట్లాడాలి, కౌన్సెలింగ్ పేరుతో మనసు మార్చే ప్రయత్నం చేయకూడదు. మీ లాయరు చేతిలో ఈ తీర్పు ఉండేలా చూడండి. ఇంట్లోవాళ్లు కొడుతుంటే ఆడపిల్ల గృహహింస చట్టం కింద సొంత తండ్రి మీదైనా రక్షణ ఉత్తర్వు అడగవచ్చు. ఆ చట్టం భర్తల కోసమే అనుకుని చాలామంది వదిలేస్తారు.

డబ్బు లేదా? జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. ఫోన్ నంబరు 15100.

పెద్దాసుపత్రిలో ఆపరేషన్ అంటే సంతకం ఎవరు పెట్టాల?

స్పృహలో ఉన్న పెద్దమనిషికి తన సంతకం తనదే. భర్త సంతకం, అన్న సంతకం అని అడగడం ఆసుపత్రుల అలవాటు, చట్టం కాదు. చిక్కంతా స్పృహ లేనప్పుడు వస్తుంది. ప్రాణం మీదికొస్తే డాక్టరు ఎవరి సంతకం కోసమూ ఆగనక్కర్లేదు. తొందర లేని నిర్ణయాలకు మాత్రం రక్తసంబంధీకుల్ని పిలుస్తారు, మిమ్మల్ని వార్డు బయట నిలబెడతారు.

అందుకని ఒక పేజీ కాగితం ఇప్పుడే రాసుకోండి. నాకేమైనా అయితే ముందు ఫలానా వారికి చెప్పండి, నా వైద్యం వివరాలు వారికి ఇవ్వండి, నా తరఫున వారి మాట తీసుకోండి అని, పూర్తి పేరు, ఆధార్‌లో ఉన్నట్టే, ఫోన్ నంబరు, మీ బ్లడ్ గ్రూపు, మీకు పడని మందులు. నోటరీ చేయించి ఒక కాపీ పర్సులో, ఒకటి అవతలి వాళ్ల పర్సులో. అన్ని ఆసుపత్రులూ దీనికి కట్టుబడాలని చట్టం లేదు. కానీ చేతిలో కాగితం ఉన్న మనిషిని డ్యూటీ డాక్టరు వినే తీరు వేరు. మానసిక వైద్యానికి మాత్రం ఇది గట్టి హక్కు: 2017 చట్టం ప్రకారం మీ ప్రతినిధిగా ఏ మేజర్‌నైనా పెట్టుకోవచ్చు, బంధుత్వం అక్కర్లేదు.

చనిపోయిన తర్వాత దగ్గరి బంధువులు అందుబాటులో లేకపోతే భాగస్వామికి భౌతికకాయం అప్పగించేలా చూడాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2024 ఆగస్టు 21న రాష్ట్రాలకు లేఖ రాసింది. బంధువులు వచ్చి నిలబడితే ఏం చేయాలన్నది ఆ లేఖ తీర్చలేదు.

ఇద్దరం కష్టపడి కొన్నది. ఒకరు పోతే రెండోవాళ్లకు వస్తాదా?

వీలునామా లేకపోతే పైసా రాదు. హిందూ వారసత్వ చట్టం కింద పెళ్లి, పిల్లలు లేని మగవాడి ఆస్తి ముందు తల్లికి, ఆమె లేకపోతే తండ్రికి, ఆ తర్వాత తోబుట్టువులకు పోతుంది. పెళ్లికాని ఆడమనిషిది అమ్మానాన్నలకు. తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్టులో, ఇరవై ఏళ్లు కలిసున్నా, మీ పేరుకు గడి ఉండదు.

వీలునామా తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది, స్టాంపు అక్కర్లేదు. రాసినవాళ్లు సంతకం పెట్టాలి, ఇద్దరు సాక్షులు ఆ సంతకం పెట్టడం చూసి, రాసినవాళ్ల ముందే తామూ సంతకం పెట్టాలి. కోర్టుల్లో కొన్ని వీలునామాలు పడిపోయేది ఇక్కడే: సాక్షి మరుసటి రోజు ఇంటికొచ్చి సంతకం పెట్టాడని తేలుతుంది. ఆస్తి దక్కేవాళ్లను సాక్షిగా పెట్టొద్దు. సాక్షులు మీకంటే చిన్నవాళ్లయితే మంచిది, రేపు వాళ్లు బతికుండి చెప్పాలి కాబట్టి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ మీ విషయంలో చేయించండి. అన్నదమ్ములు ముందు అనే మాట, మతి స్థిమితం లేనప్పుడు రాయించుకున్నారు అని. సబ్ రిజిస్ట్రార్ ముందు మీరే నిలబడి వేసిన వేలిముద్ర, అదే రోజు తేదీతో డాక్టరు సర్టిఫికెట్టు ఉంటే ఆ వాదన సగం నీరుగారిపోతుంది.

భూమి ఉంటే సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు పాస్‌బుక్కులోనూ 1బిలోనూ ఉన్నట్టే దించండి. నా చేను అంతా అని రాస్తే రికార్డు మార్చేటప్పుడు ఆగిపోతుంది. ఉమ్మడి ఆస్తి అయితే మీ వాటా మాత్రమే రాయగలరు. 2005 సవరణ తర్వాత కూతుళ్లకూ ఆ వాటా ఉంది. అమ్మానాన్నలకు ఎందుకు ఇవ్వడం లేదో, లేదా ఎంత ఇస్తున్నారో రెండు వాక్యాలు రాయండి. వాళ్లను మరిచిపోయి కాదు, ఆలోచించే రాశారని జడ్జికి తెలుస్తుంది.

ముస్లింలకు లెక్క వేరు. అప్పులు, ఖననం ఖర్చులు పోను మిగిలిన దాంట్లో మూడో వంతు వరకే వారసులు కానివాళ్లకు వసీయత్ (వీలునామా) రాయగలరు. అంతకుమించితే వారసులు ఒప్పుకోవాలి. బతికుండగా, ఆరోగ్యంగా ఉన్నప్పుడు, స్వాధీనం అప్పగించి హిబా (దానం) చేస్తే ఆ పరిమితి లేదు.

ఇల్లు కొనేటప్పుడే ఇద్దరి పేర్లా రిజిస్టర్ చేయించి, ఎవరి వాటా ఎంతో దస్తావేజులోనే రాయించడం అన్నిటికంటే మేలు. తర్వాత గిఫ్టుగా రాద్దాంలే అనుకుంటే, కుటుంబ సభ్యులకు ఉండే స్టాంపు డ్యూటీ రాయితీ మీకు రాదు. పైగా బంధువు కాని మనిషి నుంచి ఏడాదిలో 50,000 రూపాయలకు మించి కానుక అందితే ఆదాయపు పన్ను పడుతుంది. భార్యాభర్తలకు అది లేదు. ఈ తేడానే ఒక జంట 2025లో బొంబాయి హైకోర్టులో సవాలు చేసింది.

బ్యాంకులో, ఎల్ఐసీలో, పీఎఫ్‌లో నామినీగా పెట్టొచ్చా?

బ్యాంకులో పెట్టొచ్చు, జాయింట్ అకౌంటూ తెరవొచ్చు. అడ్డేమీ లేదని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ స్పష్టంగా చెప్పింది. కౌంటర్లో సంబంధం ఏమిటి అంటే స్నేహితులు అని రాసినా నామినేషన్ చెడదు. జాయింట్ అకౌంటు తెరిచేటప్పుడు, ఇద్దరిలో ఎవరైనా లేదా బతికున్నవారు తీసుకోవచ్చు అనే పద్ధతి ఎంచుకోండి.

అయితే నామినీ అంటే యజమాని కాదు. డబ్బు చేతికి తీసుకునే మనిషి మాత్రమే, వారసులు తర్వాత దావా వేయవచ్చు. బీమాలో డబ్బు పూర్తిగా నామినీదే అయ్యే రక్షణ తల్లిదండ్రులకు, భార్యాభర్తలకు, పిల్లలకే ఉంది. కాబట్టి ప్రతి పాలసీ నంబరూ వీలునామాలో రాయాలి. పీఎఫ్ ఇంకా బిగువు: మీ మీద ఆధారపడిన తల్లిదండ్రులు ఉంటే వాళ్లనే పెట్టాలి, ఆ నిర్వచనంలో కుటుంబం లేనివాళ్లు మాత్రమే బయటివాళ్లను పెట్టగలరు.

రేషన్ కార్డుకు భాగస్వాముల్ని ఒకే కుటుంబంగా చూడమని కేంద్రం 2024లో రాష్ట్రాలకు చెప్పింది. సచివాలయంలో కుదరదంటే దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి.

పిల్లల్ని దత్తత తీసుకోవచ్చా?

జంటగా తీసుకోలేరు. రెండేళ్ల స్థిరమైన వైవాహిక జీవితం ఉండాలన్నది నిబంధన. ఒంటరిగా ఒకరు తీసుకోవచ్చు: స్త్రీ అయితే ఆడపిల్లనైనా మగపిల్లవాడినైనా, పురుషుడైతే మగపిల్లవాడినే. రెండో మనిషి ఆ బిడ్డను పెంచినా, బడికి దించినా, చట్టం ముందు ఎవరూ కాదు. దత్తత తీసుకున్నవాళ్లు వీలునామాలో రెండోవాళ్లను సంరక్షకులుగా కోరవచ్చు. సరోగసీ (అద్దె గర్భం) స్వలింగ జంటలకు లేదు.

థాయ్‌లాండ్‌లోనో, నేపాల్‌లోనో చేసుకుని వస్తే?

నేపాల్‌లో 2023 నవంబర్‌లో మొదటి నమోదు జరిగింది. థాయ్‌లాండ్‌లో 2025 జనవరి 23 నుంచి చట్టం అమల్లోకి వచ్చింది. అక్కడ చెల్లినా, ఇక్కడి ఆఫీసుల్లో చెల్లదు.

మా పిల్లోడు ఇట్లా అని చెప్పినాడు. మేనత్త కూతురితో పెళ్లి చేస్తే కుదురుకుంటాడని అంటాండారు.

కుదురుకోడు. ఇది రోగం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే జబ్బుల జాబితా నుంచి తీసేసింది. మారుస్తామని చెప్పే డాక్టరు చేసేది వృత్తిపరమైన తప్పని జాతీయ వైద్య కమిషన్ 2022లో రాసింది. పెళ్లి చేస్తే మీ పిల్లాడి జీవితంతో పాటు, ఏ పాపమూ ఎరుగని మీ ఇంటి ఆడపిల్ల జీవితమూ పోతుంది. మేనరికంలో ఇది ఇంకా ఘోరం. విడిపోతే రెండిళ్ల మధ్య రాకపోకలు తెగిపోతాయి, అందుకని ఆమెను నోరు మూసుకుని ఉండమంటారు. బలవంతంగానో మోసంతోనో జరిగిన పెళ్లిని రద్దు చేయమని హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ కింద అడగవచ్చు. బలవంతం ఆగినప్పటి నుంచి, లేదా మోసం బయటపడినప్పటి నుంచి ఏడాది లోపే అడగాలి.

ఆ మాట మీకు చెప్పడానికి వాడు ఎన్నేళ్లు భయపడి ఉంటాడో. ఈ రాత్రికి ఏమీ తేల్చకండి. అన్నం పెట్టి, పక్కన కూర్చోండి. మీ బాధకూ మనిషి కావాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు.

యాప్‌లో పరిచయమై ఫోటోలు తీసి డబ్బులడుగుతున్నారు.

ఒక్కసారి ఇస్తే మళ్లీ అడుగుతారు. చాట్ మెసేజీలు చెరపకండి, యూపీఐ నంబర్లు దాచండి, సైబర్ నేరాల నంబరు 1930కు ఫోన్ చేయండి. న్యాయ సంహిత 308 సెక్షన్ కింద ఇది బెదిరించి డబ్బు గుంజే నేరం. మీ సంబంధం నేరం కాదు కాబట్టి ఫిర్యాదు ఇస్తే మీమీద కేసు అవుతుందని భయపడాల్సింది లేదు.

ఇప్పుడు ఎవరు మార్చాలి?

పార్లమెంటు మార్చవచ్చు. వివాహం ఉమ్మడి జాబితాలో ఉంది కాబట్టి రాష్ట్ర శాసనసభ కూడా చట్టం చేయవచ్చు. కేంద్ర చట్టంతో ఢీకొంటే రాష్ట్రపతి ఆమోదం కావాలి. జంటల ఇబ్బందులు చూడటానికి కేబినెట్ కార్యదర్శి అధ్యక్షతన 2024 ఏప్రిల్‌లో వేసిన కమిటీ ఉంది. పైన చెప్పిన బ్యాంకు, రేషన్, ఆసుపత్రి లేఖలు ఆ తర్వాత వచ్చినవే. ఏ ఆఫీసులో ఏ ఫారం దగ్గర ఆగిపోయారో, తేదీతో సహా, తిరస్కరించిన కాగితం జతచేసి ఆ కమిటీకి, మీ ఎంపీకి, ఎమ్మెల్యేకు రాయండి. పేరు బయటపడకూడదనుకుంటే న్యాయ సేవాధికార సంస్థ లాయరు ద్వారా పంపవచ్చు.